మూడు తాంబూలాల దారి

విజయనగరం దాటి ఉత్తరానికి సాగే రైలులో కూర్చున్న తెలుగువారిలో చాలామంది పూరీకో కలకత్తాకో పోయేవారే. నడుమనున్న స్టేషన్లను వారు నిద్రలో దాటుతారు. అలా నిద్రలో దాటిపోయే ఊళ్లలో రెండింటిని, కొండల మొదట ఉన్న మరొక ఊరిని మొన్న వైశాఖ మాసంలో చూసి వచ్చాను. చూడాలన్న సంకల్పంతో బయలుదేరినవాణ్ణి కాను. హరికథ చెప్పే ఒక అమ్మాయికి తోడుగా, శ్రుతిపెట్టె చంకన పెట్టుకొని, దాని తిత్తి నొక్కే ఉద్యోగం మీద వెళ్లాను. ముప్పై ఏళ్లు ఉన్నత పాఠశాలలో ఛందస్సు చెప్పిన పండితుడికి విశ్రాంతి కాలంలో ఇంతకన్న గొప్ప కొలువు దొరకదని వెళ్లేటప్పుడు వేళాకోళంగా అనుకున్నాను. తిరిగి వచ్చాక నిజంగానే అనుకుంటున్నాను.

విజయనగరంలో

ఆ అమ్మాయి మా తమ్ముడి మనుమరాలు సుభద్ర. ఇరవై రెండేళ్లు. పదో ఏట గురువుగారి ఇంట అడుగుపెట్టి, ఆయన కన్నుమూసే వరకు ఆయన వెంటనే ఉండి హరికథ నేర్చింది. ఆ గురువుగారి పేరు ఇక్కడ రాయను. మా ప్రాంతంలో చిడతలు పట్టినవారెవరైనా గురువుగారు అన్నారంటే అది ఆయనే.

హరికథకులకు తాంబూలం ఇవ్వడమనే ఆచారం దక్షిణపు జిల్లాల పాఠకులకు తెలియకపోవచ్చు. ఊరి పెద్ద ఒకరు వచ్చి, తమలపాకులు, పోకచెక్కలు, ఒక పండు పళ్లెంలో పెట్టి అందించి, ఫలానా నెలలో మా ఊళ్లో కథ చెప్పాలి అంటారు. చెయ్యి చాచి పుచ్చుకుంటే ఇక కథ చెప్పి తీరవలసిందే. పుచ్చుకున్నవారు ఈ లోగా స్వర్గస్థులైతే ఆ కథను శిష్యులు చెప్పాలి. గురువుగారు మొన్న కార్తికంలో వెళ్లిపోయే నాటికి మూడు ఊళ్ల తాంబూలాలు పుచ్చుకొని ఉన్నారు: శృంగవరపుకోట, పొందూరు, కోటబొమ్మాళి.

ఆయన సంస్మరణ సభలో సుభద్ర కల్యాణకథ చెప్పింది. ముందు వరుసలో కూర్చున్న ఒక రసికులు లేచి, కళ్లు మూసుకొని వింటే అచ్చంగా గురువుగారే అని కంట తడి పెట్టుకున్నారు. సభ అంతా చప్పట్లు చరిచింది. అంతకు మించిన మెప్పు శిష్యురాలికి ఏముంటుందని నేనూ చరిచాను. ఇంటికి వచ్చి గజ్జెలు విప్పుతూ ఆ పిల్ల అన్న మాట మాత్రం నన్ను ఆ పూట అన్నం తిననివ్వలేదు.

"కళ్లు తెరిస్తే ఎవరు కనిపించారో ఒక్కరూ చెప్పలేదు తాతగారూ."

మరునాడు తన నిర్ణయం చెప్పింది. మూడు తాంబూలాల కథలూ చెప్పేసి, గజ్జెలూ చిడతలూ మూట కట్టి అటక మీద పెట్టేస్తుందట. బాలికల పాఠశాలలో సంగీతం టీచరు ఉద్యోగానికి వాళ్ల నాన్న మాట్లాడి ఉంచాడు. బడి తెరిచే రోజున చేరిపోతుందట. ఉద్యోగం మంచిదే, కాదనడానికి నాకు కారణం దొరకలేదు. కాని పన్నెండేళ్ల విద్య అటకెక్కుతుంటే నిచ్చెన పట్టుకొని నిలబడటం నా వల్ల కాలేదు. మూడు ఊళ్లూ తిరిగేలోపల ఏదైనా జరగకపోతుందా అన్న ఆశతో శ్రుతిపెట్టె నేను నొక్కుతానన్నాను.

మాతో వచ్చిన మూడో మనిషి మృదంగం అప్పలసూరి. గురువుగారికి ఇరవై ఏళ్లు పక్కన వాయించినవాడు. యాభై దాటినా మూతి మీద మీసం, నోట్లో మాట, రెండూ నల్లగా నిగనిగలాడుతూనే ఉన్నాయి. మృదంగాన్ని పసిపిల్లలా దుప్పటిలో చుట్టి ఒళ్లో పెట్టుకుంటాడు. బస్సులో ఎవరైనా దాన్ని తాకితే, "బాబూ, పడుకున్నాది, నేపకండి" అంటాడు.

శృంగవరపుకోట

విజయనగరం నుంచి కోటకు బస్సు పోయే దారంతా మామిడితోటలు. పడమటి ఆకాశం కింద కొండలు మొదట నీలపు గీతలా కనిపించి, ఊరు దగ్గర పడేసరికి పక్కవీధిలో కట్టిన గోడలా అవుతాయి. మేము దిగిన రోజు సంత. కొండవాళ్లు దింపిన పసుపు, చింతపండు, అడ్డాకుల కట్టలు, అనాస పళ్లు రోడ్డు పొడుగునా గుట్టలు పోసి ఉన్నాయి. విజయనగరంలో రూపాయికి బేరమాడవలసిన పనసకాయ ఇక్కడ ముప్పావలాకు ఇచ్చి, మోయలేవని జాలిపడి కూలివాణ్ణి కూడా చూపించారు. కాఫీ మాత్రం మా పట్టణం ధరే. రుచిలో కొండగాలి కలిసిందని సరిపెట్టుకున్నాను.

మాకు విడిది అర్చకుల ఇంట ఇచ్చారు. అక్కడ తిన్న పనసపొట్టు కూరను వర్ణించడానికి నా భాష చాలదు. ఆవ ఘాటు నెత్తికెక్కి కళ్లు చెమర్చుతుంటే, ఇంటావిడ, "తొలిసారి కదా, అలాగే ఉంటాది, రెండోసారి నవ్వుతారు" అని మరొక గరిటె వడ్డించింది. ఆమె చెప్పినట్టే రెండోసారికి నవ్వాను.

ఇక్కడ కల్యాణకథలోని ఒక ఘట్టం గురించి చెప్పాలి. పెళ్లికూతురు తన మనసులో ఉన్న వరుడికి రహస్యంగా సందేశం పంపుతుంది. దాన్ని ఒక వృద్ధ బ్రాహ్మణుడు మోసుకొని దూరదేశం నడిచిపోతాడు. ఆ నడక దగ్గర గురువుగారిది ఒక ప్రత్యేకమైన అడుగు. కుడికాలు గట్టిగా వేసి, ఎడమకాలిని అర మాత్ర ఆలస్యంగా ఈడ్చి, కొంచెం వంగి, ఆగి, మళ్లీ కుడికాలు. ఆ ఆగిన చోట మృదంగం కూడా చెయ్యెత్తి ఆగుతుంది. ఆయన శిష్యులందరూ అక్కడ అలాగే ఈడుస్తారు. ఉత్తరాన ఇచ్ఛాపురం దాకా ఆ అడుగు చూసి ఇది ఫలానా పాఠం అని గుర్తుపడతారు.

కథకు ముందు నన్ను నాలుగు మాటలు చెప్పమన్నారు. పండితుడికి నాలుగు మాటలు చాలవు కదా. ఆ అడుగులోని అంతరార్థాన్ని సవిస్తరంగా విప్పాను. ధర్మదేవత యుగానికొక పాదం కోల్పోతూ వచ్చి ఈ యుగంలో ఒంటికాలిపై కుంటుతున్నదనీ, సందేశం మోసే బ్రాహ్మణుడి ఈడ్పు అదేననీ, ఆగిన అర మాత్ర భగవత్కృపకు ఎదురుచూపనీ వివరించాను. జనం తలలూపారు. అప్పలసూరి అందరికన్న ఎక్కువ ఊపాడు.

సుభద్ర ఆ సాయంత్రం ఒక్క అక్షరం పొల్లు పోకుండా చెప్పింది. గురువుగారి పట్టు ఉత్తరీయాన్ని నడుముకు బిగించి, ఆయన లాగే మంద్ర స్వరంలో ఎత్తుకొని, ఆయన లాగే పద్యానికి ముందు ఒకసారి గొంతు సవరించుకొని, నడక దగ్గర ఆయన లాగే ఎడమకాలు ఈడ్చింది. హారతి ఇచ్చాక ఊరిపెద్దలు వచ్చి పరమానందంతో అన్న మాట నాకు ముందే తెలుసు. కళ్లు మూసుకుంటే అచ్చం ఆయనే అన్నారు. సుభద్ర వంగి నమస్కరించి, గజ్జెలు విప్పి, నా పక్కన కూర్చుని, ఒక తాంబూలం తీరిందని మెల్లగా అంది.

జామి దాటాక

తిరుగుదారిలో జామి దాటి కొంతదూరం వచ్చాక బస్సు ఒక నిట్టూర్పు విడిచి నిలిచిపోయింది. డ్రైవరు కిందికి దూరాడు. కండక్టరు బీడీ వెలిగించాడు. ఈ రెండు పనులూ చాలాసేపు సాగేవని మాకందరికీ తెలుసు. ఎండ ముదిరింది. అంతలో నెత్తిమీద మామిడిపళ్ల గంపలతో సంతకు పోతున్న ఆడవాళ్ల గుంపు ఒకటి వచ్చి, దిగులుగా నిలబడ్డ మమ్మల్ని చూసి నవ్వడం మొదలుపెట్టింది.

వాళ్లలో ముందు నడుస్తున్న బక్కపలచటి మనిషి సుభద్రను ఎగాదిగా చూసి, "ఏటమ్మా, బస్సు సచ్చిపోనాదా? మా యెనకాల వచ్చీ, సంతకాడ ఇంకో బస్సుంటాది. నడవగలవేటి మరి?" అంది.

సుభద్రకు పౌరుషం వచ్చింది. నడవడమే కాదు, గంప కూడా ఇమ్మంది. ఆడవాళ్లు పగలబడి నవ్వి, తలచుట్ట పెట్టి, ఒక చిన్న గంప ఎత్తారు. పన్నెండేళ్లు తాళం తప్పకుండా నర్తించిన పిల్ల పది అడుగుల్లో రెండు పళ్లు రాల్చుకుంది. అడుగు లెక్కపెట్టుకొని వేస్తున్నట్టుందని ఒకతె వెక్కిరించింది. ముందు నడిచే మనిషి వెనక్కి కూడా తిరక్కుండా అంది:

"నువ్వు నడవకమ్మా. నెత్తిమీద బరువుంటే కాలు మన మాట ఇనదు. దాని దారిన దాన్ని పోనీ."

ఎక్కడ ఏం తెగిందో, ఏం అతికిందో నాకు తెలియదు. కొంత దూరం పోయేసరికి సుభద్ర మెడ నిలిచింది; నడుము ఊగసాగింది; కాళ్లు ఆ ఆడవాళ్ల కాళ్ల వెంట చిన్నగా, వేగంగా, ఇసుక చిమ్ముతూ పోసాగాయి. నేను శ్రుతిపెట్టెతో, అప్పలసూరి మృదంగంతో, రొప్పుతూ వాళ్ల వెనక పరుగెత్తాము. సంత చేరాక వాళ్లు ఆమె చేతిలో రాలిన రెండు పళ్లే పెట్టారు. కూలి అన్నారు. ఆ మట్టి పళ్లు చీరకొంగుతో తుడిచి తింటూ, గురువుగారు పోయిన తరువాత మొదటిసారి, ఆ పిల్ల పళ్లన్నీ కనిపించేలా నవ్వింది.

పొందూరు

విజయనగరం వచ్చి, ఒక రాత్రి పడుకొని, తెల్లవారి పాసింజరులో పొందూరు చేరాము. ఈ ఊరి సన్నఖద్దరు గురించి పాఠకులకు నేను చెప్పనక్కరలేదు. ఆ ఖద్దరు పుట్టే విధం చూసినవారు మాత్రం తక్కువ. ఇళ్ల అరుగుల మీద ఆడవాళ్లు బారుగా కూర్చుని ఉంటారు. దూదిని దువ్వడానికి వాళ్లు వాడేది దువ్వెన కాదు, వాలుగ చేప దవడ ఎముక. దాని సన్నని పళ్ల మధ్య నుంచి పత్తి మంచులా జారుతుంది.

మేము దిగినది గురువుగారి అక్క నారాయణమ్మగారి ఇంట. తరతరాలుగా ఆలయసేవలో ఉన్న కుటుంబం. వెల్లుల్లి కూడా గడప దాటని ఇల్లు. అటువంటి ఇంట్లో ఎనభై ఏళ్ల ఆవిడ చేప దవడ పట్టుకొని కూర్చోవడం చూసి నేను అరుగెక్కడానికి ఒక క్షణం తటపటాయించాను. ఆవిడ గ్రహించి, "తిన్నానికి కాదు బాబూ, దువ్వడానికి. రండి, కూకోండి" అని చాప జరిపింది. మా పట్టణంలో మడికట్టుకున్నవారెవరూ దీన్ని ఒప్పుకోరు. ఆ చాప మీద కూర్చున్నాక, ఒప్పుకోకపోవడానికి కారణం నాకు తోచలేదు. చోడిపిండి, అంటే రాగిపిండి, అంబలిలో మజ్జిగ, ఉల్లిపాయ లేకుండా, ఉప్పూ నిమ్మరసం వేసి ఇచ్చారు. ఆ ఎండకు అది అమృతం.

ఆ సాయంత్రం కథ వాళ్ల ఇంటి ఎదుటి వీధిలోనే. నేను మళ్లీ లేచి ధర్మదేవత పాదాల గురించి మాట్లాడాను. ఈసారి ఇంకొంచెం పెంచాను. నారాయణమ్మగారు ముందు వరుసలో పీట మీద కూర్చుని వింటున్నారు. నడక ఘట్టం వచ్చింది. సుభద్ర కుడికాలు వేసి, ఎడమకాలు ఈడ్చి, వంగి, ఆగింది. అప్పలసూరి చెయ్యెత్తి ఆపాడు. ఆ నిశ్శబ్దంలో ముసలావిడ కిసుక్కున నవ్వింది. కొంగు నోట్లో కుక్కుకుంది. అయినా భుజాలు అదురుతూనే ఉన్నాయి.

కథ అయి, హారతి కళ్లకద్దుకొని, అరుగు మీద అందరం కూర్చున్నాక ఆవిడ సుభద్రను దగ్గరికి పిలిచి మోకాలు నిమిరారు.

"ఒలే గుంటా, నా తమ్ముడి మోకాలినొప్పి నీకెందుకొచ్చిందే?"

ఎవరికీ అర్థం కాలేదు. ఆవిడే చెప్పారు. వయసులో ఉన్నప్పుడు తమ్ముడు ఆ చోట ఈడ్చేవాడు కాదట, గెంతేవాడట; పందిరి రాటలు కదిలేవట. తరువాత ఒక ఏడు కోటబొమ్మాళిలో కథకు పోతూ, కదిలిపోతున్న రైలులోంచి దిగబోయి పడ్డాడు. ఎడమ మోకాలు ఇక సరిగా వంగలేదు. గెంతలేక ఈడ్చాడు. అంతే.

అప్పలసూరి ముఖం చూడదగినదిగా ఉంది. "అమ్మా, మరి ఆ సోట నాను సెయ్యెత్తి ఆపుతన్నాను కదా, ఇరవై ఏళ్లబట్టి?"

"నొప్పి తగ్గీదాకా ఆగీవోడు నాయనా. నువ్వూ ఆగినావు. మంచోడివి."

అప్పలసూరి నా వైపు తిరిగాడు. "మరి ఆ దర్మదేవత కాలో, పంతులుగోరూ?"

అరుగంతా ఘొల్లుమంది. నేను కూడా నవ్వాను. నవ్వకపోతే అక్కడ మరొక దారి లేదు. సుభద్ర అందరికన్న ఎక్కువగా, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. ఆ నీళ్లు ఒక చోట నవ్వును దాటిపోయాయని నారాయణమ్మగారు కనిపెట్టారు. పిల్ల తలను ఒళ్లో పెట్టుకున్నారు.

"మీరందరూ ఈడుస్తంటే ఆడికి నవ్వొచ్చీది. సెప్పీయొచ్చు కదరా అంటే, 'అక్కా, ఎవులో ఒకలు ఎందుకని అడుగుతారు, అడిగినోళ్లకి సెప్తాను' అనీవోడు. ఎవులూ అడగనేదు."

రైలులో

పొందూరు నుంచి కోటబొమ్మాళికి పాసింజరు బండి తీరుబడిగా పోతుంది. ఆమదాలవలసలో ఆగినప్పుడు దొప్పల్లో తాటిముంజెలు అమ్మారు. దొప్ప పది పైసలు. అప్పలసూరి మూడు దొప్పలు ఒక్కడే తిని, ఇరవై ఏళ్లు ఆపిన చేతికి బలం కావాలన్నాడు.

సుభద్ర నాగావళి వంతెన కింద ఇసుకతిన్నెలు చూడటానికి కిటికీ పక్కకు జరిగినది, బండి ఆమదాలవలస దాటినా చూపు తిప్పలేదు. తరువాత అంది: "పన్నెండేళ్లు పక్కనే ఉన్నాను తాతగారూ. ఒక్కసారి అడగలేదు."

మనవైపు శిష్యులు అడగరు. అడగకపోవడమే వినయమని మేమే నేర్పాము. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో నేను చెప్పినదాన్ని పిల్లలు అలాగే అప్పగిస్తే పొంగిపోయానే తప్ప, ఎందుకు అని అడిగినవాడెవడైనా ఉన్నాడా అని వెతుక్కుంటే ఒక్క ముఖమూ గుర్తు రాలేదు. ఈ మాట ఆమెతో అనలేదు. గెంతి చూడరాదా, గురువుగారు తొలిరోజుల్లో గెంతినట్టు, అని మాత్రం అన్నాను.

"అదీ ఆయన గెంతే కదా. మోకాలు తీసేస్తే నా దగ్గర ఇంకేం మిగులుతుందో నాకు తెలీదు. ఏమీ మిగలకపోతే బడికే వెళ్తాను. ఈసారి బాధ లేకుండా వెళ్తాను."

కోటబొమ్మాళి

ఇది చిన్న ఊరు. స్టేషను బయట రెండు ఎడ్లబళ్లు, ఒక జట్కా. ఆ వెనక కోసేసిన వరిచేలు కంటికి ఆనినంత దూరం. మాకోసం వచ్చినవారు సన్యాసినాయుడుగారు. డెబ్బై దగ్గర పడిన రైతు, ఈ తాంబూలం ఇచ్చినది ఆయనే. దిగీదిగగానే మమ్మల్ని ప్లాట్‌ఫారం చివరికి నడిపించుకుపోయి, కంకరలో ఒక చోటు చూపించారు.

"ఇక్కడే పడ్డాడు మీ గురువుగోరు."

తీర్థంలో పాదముద్రలు చూపించేవాడి గొంతు అది. పడ్డ మనిషిని వీళ్లే మంచం మీద మోసుకుపోయారట. నాయుడుగారి తల్లి ఆవాలు నూరి కట్టు కట్టిందట. నెల తిరిగాక లేచి, ఆ ఊళ్లోనే, ఆ ఈడ్పుతో మొదటిసారి కథ చెప్పారట. దేశమంతా ఆ అడుగు వేస్తుంటే వీళ్లకు గర్వం. "ఆ నడక మా ఊళ్లో పుట్టినాది తల్లీ. ఊరంతా దానికోసమే వస్తాది. అది సూపించకుండా ఎల్లొద్దు" అన్నారు.

సుభద్ర నా వైపు చూసింది. పొందూరులో దింపుకున్న మోకాలిని కోటబొమ్మాళిలో మళ్లీ ఎత్తుకోమంటున్నారు. ఆ కంకర వైపు మరొకసారి చూసి, చూపిస్తానండి అంది.

నాయుడుగారు మాకు స్వయంపాకం ఇచ్చారు. అంటే బియ్యం, పప్పు, నెయ్యి, కూరలు, కొత్త కుండలు, ఎండు కట్టెలు అన్నీ ఇచ్చి, వంట మాత్రం మాది. మా పట్టణంలో ఈ మర్యాద ఎప్పుడో పోయింది. పొయ్యి ఊదడం రాక నేను పొగలో మునిగితే, ఆ ఇంటి కోడళ్లు గుమ్మంలోంచి సలహాలిస్తూ నవ్వారు. చారు మాడింది. ఆ సాయంత్రం నాయుడుగారి ఇంట తినే భాగ్యం అప్పలసూరి ఒక్కడిదే. వాడు త్రేన్చుతూ వచ్చి మా చారు వాసన చూసి సానుభూతి తెలిపాడు.

దీపాలు పెట్టే వేళకు నాయుడుగారి కళ్లం నిండిపోయింది. ఈసారి కూడా నన్ను మాట్లాడమన్నారు కాని, శ్రుతిపెట్టె చూసుకోవాలని తప్పించుకున్నాను. సుభద్ర గురువుగారి స్వరంలోనే ఎత్తుకుంది. సందేశం బ్రాహ్మణుడి చేతికి చేరింది. జనం ముందుకు జరిగారు. ఆమె కుడికాలు వేసింది, ఎడమకాలు ఈడ్చింది. కళ్లమంతా హమ్మయ్య అన్నట్టు ఊపిరి వదిలింది. రెండోసారి ఈడ్చింది. మూడోసారి వంగి ఆగి ఉండగా, ఊరి చివర రైలు కూత వేసింది.

ఆమె అలాగే, కాలు ఈడ్చిన భంగిమలోనే, తల తిప్పి స్టేషను వైపు చూసింది. చెయ్యి అడ్డం పెట్టుకొని, ఎవరో దిగుతున్నారా అని చూసినట్టు చూసింది. జనానికి క్షణంలో తెలిసిపోయింది. నవ్వు వరుస నుంచి వరుసకు పాకింది. ఆమె ఆ రైలుకు ఎదురు వెళ్లి, కనపడని ఒక చేతిని పట్టుకొని మెల్లగా నడిపించుకు వచ్చి, పక్కనున్న పీట దుమ్ము దులిపింది. నడుముకు చుట్టిన పట్టు ఉత్తరీయం విప్పి, మడిచి, ఆ పీట మీద పెట్టింది.

"ఇక్కడిదాకా మా గురువుగారు నడిచారు. ఆయనకి మోకాలు నొప్పి. ఇక్కడ కూర్చుంటారు. ఆ సందేశం పంపిన పిల్ల ఇంట్లో ఏం చేస్తోందో నేను వెళ్లి చూసి వస్తాను."

ఇది గురువుగారి పాఠంలో లేదు. ఏ పాఠంలోనూ లేదు. బ్రాహ్మణుడు వెళ్లిన దారిని అందరూ చెబుతారు. పంపిన పిల్ల ఆ రోజులన్నీ ఎలా గడిపిందో ఒక్క పద్యంలో దాటేస్తారు. సుభద్ర ఆ పిల్లను నడిపించింది. వంటింటి నుంచి వాకిటికి, వాకిటి నుంచి నూతి దగ్గరికి, మళ్లీ వాకిటికి. ఇల్లు కదలకూడని పిల్ల ఇంట్లోనే ఆ దూరదేశమంతా నడిచింది. ఎవరికీ చెప్పలేని మాట నెత్తిమీద గంపలా ఉన్నట్టు మెడ నిలిపి, నడుము ఊగుతూ, కాళ్లు వాటి దారిన అవి చిన్నగా, వేగంగా పోతూ. జామి దారిలో ఇసుక చిమ్మిన కాళ్లు నాకు కనిపించాయి. ఆడవాళ్లున్న వైపు మొదట నవ్వు లేచింది, గుర్తుపట్టిన నవ్వు. తరువాత అది అణిగిపోయింది. ఆమె స్వరం గురువుగారి మంద్రాన్ని వదిలి ఎక్కడికో పైకి పోయింది. అంత పై స్థాయి ఆ గొంతులో ఉందని నాకు అంతవరకు తెలియదు. ఆమెకూ తెలిసినట్టు లేదు.

అప్పలసూరి ఎత్తిన చెయ్యి గాలిలో ఎత్తినట్టే ఉంది. ఇరవై ఏళ్ల అలవాటు దించనివ్వలేదు. అప్పుడు ఆమె కాళ్ల వైపు చూశాడు. తల ఒక పక్కకు వాల్చి, వేళ్లతో మాత్రమే, నీళ్లకుండ తొణికినట్టు వాయించడం మొదలుపెట్టాడు. ఎందుకో శ్రుతి వినపడటం లేదే అనుకున్నాను. అప్పలసూరి మోచేత్తో పొడిచాడు. తిత్తి నొక్కడం మరిచిపోయి కూర్చున్నది నేనే.

మరునాడు ఉదయం

హారతి అయ్యాక నాయుడుగారు ఏమీ అనకుండా వెళ్లిపోయారు. మాట తప్పామని కోపగించారేమోనని నాకు నిద్ర పట్టలేదు. ఉదయం మేము సామాను సర్దుతుంటే తలపాగా చుట్టుకొని వచ్చి సుభద్ర ఎదుట నిలబడ్డారు.

"నడక పూర్తిగా సూపించలేదు నువ్వు."

"లేదండి" అంది సుభద్ర.

"ఆయన్ని కూకోబెట్టీసినావు."

ఆమె తల వంచుకుంది. నాయుడుగారు తలపాగా సరిచేసుకున్నారు.

"మంచిపని సేసినావు తల్లీ. ఆ కాలితో ఆయన శానా తిరిగినాడు."

అప్పుడు వెనక నిలబడ్డ కోడలి చేతిలోంచి పళ్లెం అందుకున్నారు. తమలపాకులు, పోకచెక్కలు, ఒక మామిడిపండు. "ఇది ఆయన పేరు మీద కాదు. నీ పేరేటి? గురువుగోరి శిస్యురాలు అనీ అన్నారు గాని, పేరెవులూ సెప్పలేదు."

"సుభద్ర."

"సుబద్రమ్మా, వచ్చే వైశాఖానికి మా ఊళ్లో కథ సెప్పాల."

తాంబూలం ఇచ్చేవారి చేతికీ పుచ్చుకునేవారి చేతికీ నడుమ ఉండే జానెడు దూరం అంత పొడుగ్గా ఉంటుందని నేను ఎన్నడూ ఎరగను. బడి, ఉద్యోగం, వాళ్ల నాన్న ముఖం అన్నీ అందులోనే పట్టాయి. నేను నోరు విప్పలేదు. అప్పలసూరి కూడా విప్పలేదంటే పాఠకులు నమ్మాలి. సుభద్ర చేతులు చీరకు తుడుచుకొని, రెండూ చాచి, తాంబూలం పుచ్చుకొని కళ్లకద్దుకుంది.

స్టేషనులో బండి వచ్చాక అప్పలసూరి మెల్లగా అడిగాడు, వచ్చే ఏడు ఆ సోట నానేటి వాయించాలమ్మా అని. ఆ చోటు వచ్చినప్పుడు నన్నే అడుగు అంది ఆమె. ఇద్దరూ నవ్వుకుంటూ ఎక్కారు. గురువుగారి ఉత్తరీయాన్ని ఆమె పీట మీదనే వదిలి వస్తుందేమోనని భయపడ్డాను. లేదు, మడత చెడకుండా పెట్టెలో పెట్టుకుంది.

బండి కదిలింది. నాయుడుగారు కర్ర ఊతంతో, ఆ కంకర చోటు దాకా మా కిటికీ పక్కనే నడిచి వచ్చారు. అక్కడ ఆగి, చెయ్యెత్తి, చక్రాల చప్పుడు మీదుగా చెప్పారు:

"వచ్చే ఏడు రైలు ఆగినాకే దిగు తల్లీ."